నల్లరాతి గుంతలో బతికున్న మలబా

ఇది నేను ఇప్పుడే రాయాలి. మృగశిర కార్తె వచ్చేలోపు మా గుంత తూము తెరుచుకోకపోతే తొలి పెద్దవానకే మా ఇళ్లు మునుగుతాయి. నోటితో చెప్పినవన్నీ, కూల్చిన భవనాల శిథిలాలు చూసుకునే మీ మండలిలో ‘రికార్డు లేదు’ అన్న ఒక్క మాటకు కొట్టుకుపోయాయి. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. మీ కాగితాలు చదివి మీకు అర్థమయ్యే భాషలో జవాబు రాయగలిగేది కూడా ఈ గుంతలో ప్రస్తుతానికి నేనే. అందుకే తేదీలు వేసి రాస్తున్నాను. కోపం కనిపిస్తే కనిపించనివ్వండి. దాన్ని కడిగి తుడిచి పంపే తీరిక నాకు లేదు.

మే 11

పొద్దున్నే అమ్మ ఉలి చేతికిచ్చి గడప చెక్కమంది. మా గుంతలో ఇప్పుడు ఇది వాకిలి ఊడ్చినంత మామూలు పని. కల్లాపి చల్లడం మానేసి చాలా కాలమైంది. మరిచిపోయి ఎవరైనా చెంబెడు నీళ్లు చల్లారా, సాయంత్రానికి పైనుంచి రాలే దుమ్ము రాయై గడపకు అతుక్కుంటుంది. మొన్న గుంత అడుగున ఉండే కొత్తకోడలు భాగ్య పుట్టింటి అలవాటున తెల్లారకముందే కల్లాపి చల్లింది. తలుపు బిగుసుకుపోయి పెనిమిటి కిటికీలోంచి పనికి దూకాడు. గుంతంతా నవ్వింది. తర్వాత అందరం ఉలులు పట్టుకుపోయి ఆ తలుపు విడిపించాం. తల దులుపుకోకుండా స్నానం చేయకూడదు. గిన్నె తుడవకుండా తడపకూడదు. మా పిల్లలకు అక్షరాల కంటే ముందు ఇవే నేర్పుతున్నాం.

నగరంలో ఇప్పుడు కట్టేవన్నీ మానుడు కాంక్రీటు భవనాలే. గోడ పగిలితే గాయం మానినట్టు దానంతటదే మానుతుంది. లోపల కలిపిన సూక్ష్మజీవులు తడి తగలగానే మేలుకుని సున్నం కక్కుతాయి. రెండు వందల ఏళ్లు నిలుస్తాయని చెప్పి అమ్ముతారు. పక్కవాడిది ఇంకా ఎత్తుగా లేస్తే పదేళ్లకే కూలుస్తారు. అలా కూల్చిన శిథిలాలు, అంటే మలబా, మా గుంతకు వస్తుంది. వచ్చే ముందు బట్టీలో కాల్చి చంపాలన్నది మీ నిబంధనే. కాలితే అది పొడిపొడిగా రాలి ఉత్త కంకర అవుతుంది. మాకు వచ్చేది మాత్రం బతికున్న మలబా.

మధ్యాహ్నం సాయిలు కాకతో తూము చూడటానికి వెళ్లాను. పైన ఎండకు మనిషి నిలవలేని రోజులు మొదలైనప్పటి నుంచి మా వాళ్లు ఈ పాత క్వారీలోనే, తాము కొట్టిన రాతి మెట్ల మీద, నీడలో ఇళ్లు వేసుకున్నారు. గుంతలో పడ్డ వాన బయటి వాగులోకి పోవడానికి ఉన్నది ఒక్కటే దారి. మా ముత్తాతలు కొండను ఉలితో తొలిచి చేసిన తూము అది. ఇద్దరు మనుషులు తట్టలు మోస్తూ పక్కపక్కన నడిచిపోయేంత వెడల్పు. పైనుంచి జారిన మలబా దాని నోట్లో పేరుకుని గడ్డకట్టింది. ఈ రోజు కాక పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, సగం దూరి ఇరుక్కున్నాడు.

“పోయినేడు దీంట్లకెళ్లి గొర్లమంద పోయింది బిడ్డా. ఇయ్యాల నా పొట్ట పోతలేదు.”

“పొట్ట పెరిగింది కాక.”

“నా పొట్ట కాదే, దీని పొట్ట పెరిగింది. నవ్వకు, గుంజు!”

లాగి బయటికి తీశాను. 

మే 14

మలబా లారీలకు డ్రైవర్లు ఉండరు. అందుకే వాటితో పోట్లాడటం కష్టం. మనిషి అడ్డం నిలబడితే ఆగుతాయి, అంతే. ఈ రోజు మా అమ్మ బాలమణి కొంగు నడుముకు బిగించి అంచు మీద ఒక లారీకి అడ్డంగా నిలబడింది.

“అమ్మా, దయచేసి దారి ఇవ్వండి. మీ భద్రత మాకు ముఖ్యం” అంది లారీ, తియ్యటి ఆడగొంతుతో.

“ముఖ్యమా? ముఖ్యమైతే మా నెత్తి మీద గోడలు కుమ్మరిస్తవా? అమ్మా అనకు. నా కడుపుల నీ అసోంటిది పుట్టలే.”

“అమ్మా, దయచేసి దారి ఇవ్వండి.”

“నిన్ను తోలిచ్చినోడు యాడున్నడో చెప్పు. వాన్ని అనమను అమ్మా అని!”

లారీ కాసేపు ఆగి, వెనక్కి తిరిగి, ఇంకో అంచుకు పోయి అక్కడ కుమ్మరించింది. ఆ అంచు సరిగ్గా తూముకు పైన ఉంది. 

నేను అందరికీ సర్దిచెప్పాను. మండలికి అర్జీ పెట్టాననీ, విచారణకు పిలిచారనీ, తొందరపడవద్దనీ చెప్పాను. మా నాయనమ్మ తిమ్మవ్వ, ఒకప్పుడు రాళ్లు కొట్టే జట్టుకు పెద్ద, నా వైపు జాలిగా చూసింది.

“నీ అర్జీ నా అంత ముసలిదైతదేమో బిడ్డా.”

మే 18

నగరానికి వచ్చాను. దారిలో మలబా కాల్చాల్సిన బట్టీ దగ్గర బస్సు దిగి కళ్లారా చూశాను. బట్టీ చల్లగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను. నేను చూస్తుండగానే పొగగొట్టంలోంచి ఒక పావురం ఎగిరింది. గేటు మీది బోర్డులో మాత్రం ‘ఈ రోజు కాల్చిన శిథిలాలు’ అన్న అంకె నా కళ్ల ముందే పెరుగుతూ పోయింది.

మండలిలో సహాయ ఇంజనీరు విహారి గారు నాకు కుర్చీ చూపించారు. మర్యాదలో లోటేమీ లేదు.

“మీరు డిప్లొమా చేశారా స్వరూప గారూ? చాలా సంతోషం. అక్కడి నుంచి కూడా చదువుకునే వాళ్లు రావాలి.”

“మా గుంత తూము గురించి వచ్చాను సార్. మలబాను కాల్చకుండానే పంపుతున్నారు.”

“లేదండీ, బట్టీ నడుస్తోంది. బోర్డు మీరూ చూసే ఉంటారు.”

“బోర్డు నడుస్తోంది సార్. బట్టీలో పావురాలు గుడ్లు పెట్టాయి.”

ఆయన చిన్నగా నవ్వారు. బట్టీ దగ్గర నేను తీసిన ఫోటోలకు, ఎక్కడ తీసినవో చెప్పే స్థలముద్ర లేదు కాబట్టి చెల్లవన్నారు. మండలికి కదిలే బట్టీ ఒకటి ఉందని నేను చదివాను. దాన్నైనా తూము దగ్గరికి పంపమని అడిగాను. ఆయన తెర మీద ఏదో వెతికారు.

“అది ఆల్రెడీ మీ గుంతలోనే ఉందండీ. మార్చి నుంచి పని చేస్తున్నట్టు రిపోర్టు ఉంది.”

“ఎక్కడ ఉంది సార్?”

“మీ గుంతలో.”

“నేను ఆ గుంతలోనే పుట్టాను సార్. అంత యంత్రం వస్తే మాకు కనిపించదా?”

“రేపు పై అధికారి వస్తారు. ఆయనకు చెప్పండి.”

ఈ రాత్రికి కాలేజీ స్నేహితురాలి గదిలో ఉండిపోతున్నాను.

మే 19

పై అధికారి రాలేదు. సాయంత్రం గుంతకు తిరిగి వచ్చేసరికి పిల్లలు కూడా గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఏం జరిగిందో తలా ఒక ముక్క చెప్పారు.

నేను వెళ్లాక తిమ్మవ్వ పాత జట్టును పిలిచింది. తూముకు అడ్డం పడ్డ గడ్డను కొట్టాలంది. తడి తగిలితే దుమ్ము గట్టిపడుతుందని గుంతలో అందరికీ తెలుసు. అయితే గట్టిపడ్డాక అది రాయే కదా, రాయి సంగతి మాకు తెలియదా అనుకున్నారు. ‘రాయి మాట తప్పదు’ అన్నది మా వాళ్ల సామెత. ఎన్ని వేల ఏళ్ల రాయైనా వరుసగా బెజ్జాలు కొట్టి, ఎండు చెక్క మేకులు దిగ్గొట్టి, వాటి చుట్టూ గోనెలు కప్పి నీళ్లు పోస్తే, చెక్క ఉబ్బి రాయిని గీత గీసినట్టు చీలుస్తుంది. మా తాతలు ఈ తూమును తొలిచింది కూడా అలాగే. ఆడవాళ్లు తాగే నీళ్లే బిందెలతో తెచ్చి గోనెల మీద పోశారు.

ఈ పొద్దున గడ్డ చీలింది. ఆ చప్పుడు పైమెట్టు దాకా వినిపించిందట. మగవాళ్లు ఈలలు వేశారు. భాగ్య తిమ్మవ్వ కాళ్లకు పసుపు రాసింది.

మేకులకు పోసిన నీళ్లు ఆ పగుల్లోకి దిగాయి. మధ్యాహ్నానికి పగులు అంచులు తెల్లబడ్డాయి. సాయంత్రానికి అది మూసుకుంది. మేకులను, ఉలులను, సాయిలు కాక గడ్డపారను నోట్లో పెట్టుకుని మూసుకుంది. మూసుకుని ఊరుకోలేదు. నాలుగు వైపులా ఉబ్బింది. మొన్న కాక సగం దూరిన సందులో ఇప్పుడు నా చెయ్యి మాత్రమే పడుతోంది.

తిమ్మవ్వ అన్నం ముట్టలేదు. పక్కన కూర్చుంటే ఒక్క మాట అంది.

“రాయి అబద్ధమాడింది బిడ్డా.”

విహారి గారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పగానే ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం వినిపించింది.

“పగలగొట్టారా? పగిలితేనే కదండీ అది పని చేసేది! మాన్యువల్ మొదటి పేజీలోనే ఉంటుంది.”

“ఆ మాన్యువల్ మాకెవరిచ్చారు సార్?”

“అది లైసెన్సు ఉన్నవాళ్లకే ఇస్తారండీ.”

“లైసెన్సు లేని మా దగ్గరికి మలబా రావచ్చు, మాన్యువల్ రాకూడదా?”

లైను తెగింది. ఆయన పెట్టేశారో, సిగ్నలే పోయిందో తెలియదు. ఏదైనా ఒకటే.

ఒకటి మాత్రం రాసి పెడుతున్నాను. మా వాళ్లు తెలివితక్కువ పని చేయలేదు. రాయిని నమ్మే మనుషులు రాయిని నమ్మారు. మాట తప్పే రాయిని తయారు చేసి, దాన్ని చంపకుండా, దాని గుణం చెప్పకుండా, రాయినే నమ్ముకున్న మనుషుల మధ్య పోసినవాళ్లు వేరే ఉన్నారు.

మే 23

నోటీసు వచ్చింది. ఎవరూ గుంతలోకి దిగలేదు. పైన స్తంభానికి అంటించి పోయారు. చదివిపెట్టమని నన్ను పిలిచారు. అందరూ మెట్ల మీద కూర్చున్నారు, బడి పిల్లల్లా.

‘నివాసితుల అనధికార చర్య వల్ల నీటి మార్గం మూసుకుపోయినట్టు నిర్ధారణ అయినది. ఇందుకు మండలి బాధ్యత వహించదు. జూన్ 7లోగా నివాసితులు ఖాళీ చేసి సురక్షిత ప్రాంతానికి తరలవలెను.’

“సురచ్చిత ప్రాంతమంటే యాడ?” అన్నాడు సాయిలు కాక.

“రాయలేదు కాక.”

“ఎనక వైపు సూడు. రాసిండ్రేమో.”

వెనక్కి తిప్పాను. జిగురు మాత్రమే ఉంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది.

నా చదువు కోసం అమ్మ తట్టలు మోసింది. తిమ్మవ్వ కడియాలు అమ్మింది. ఆ చదువుతో నేను మా వాళ్లందరినీ కూర్చోబెట్టి మొదటిసారి గట్టిగా చదివి వినిపించింది వాళ్ల మీద మోపిన నేరాన్ని.  

మే 26

రోహిణి ఎండలోనే మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి వాన కొట్టింది. పెద్ద వానేమీ కాదు. పోయినేడు ఇలాంటి వాన పడితే పిల్లలు తూములో కాగితపు పడవలు వదిలి, అవతల వాగులో ఏరుకునేవాళ్లు. ఈసారి నీళ్లు ఎటూ పోలేదు. అడుగుమెట్టు ఇళ్లలోకి వచ్చాయి. భాగ్య బియ్యం డబ్బాను నెత్తిన పెట్టుకుని, మంచం మీద నిలబడి కేకలు వేసింది. ఆమెను, వాళ్ల అత్తను పైమెట్టుకు చేర్చాం. వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

వాన వెలిశాక తూము దగ్గరికి మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లాను. గడ్డ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. పని చేస్తోంది. సందులో ఇప్పుడు వేళ్లు కూడా పట్టడం లేదు.

ఒక్క పూట వానకు ఒక మెట్టు మునిగింది. మృగశిర వాన ఒక్క పూటతో ఆగదు. ఇంతకంటే వివరంగా మీకెలా రాయాలో నాకు తెలియదు.

అయినా ఈ రోజు కూడా లారీలు వచ్చాయి.

మే 28

పొద్దున అందరం పైకి ఎక్కాం. ఎవరు ముందు అన్నారో చెప్పలేను. క్వారీ రోడ్డు ఒకచోట రెండు రాతిగోడల మధ్య సన్నగా వంగుతుంది. అంచుల మీద నిలబడితే లారీ పక్కకు తిరిగిపోతుంది. ఇక్కడ తిరిగే చోటు లేదు. అక్కడ కూర్చున్నాం.

మొదటి లారీ వచ్చి ఆగింది. దాని వెనక, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట, ఇంకొకటి.

“అమ్మా, దయచేసి దారి ఇవ్వండి.”

“ఇయ్యాల యాడికి తిరుగుతవ్ తిరుగు,” అంది అమ్మ. రాతి నీడలో కాళ్లు చాపుకుని తాంబూలం నమిలింది. సాయిలు కాక లారీకి బీడీ ఇవ్వబోయాడు. “పాపం, పొద్దటి నుంచి ఒక్కటే మాట మాట్లాడుతంది, దాని నోరు ఎండదా?”

అది చాలాసేపు బతిమాలింది. తర్వాత గొంతు మారింది.

“ప్రయాణం సాధ్యం కాదు. బరువు ఇక్కడ దించబడుతుంది. దూరంగా ఉండండి.”

లేచి పరుగెత్తాం. రోడ్డు మధ్యలో కుప్ప పోసి అది వెనక్కి పోయింది. వెనకదీ ముందుకొచ్చి అదే పని చేసింది. గోడకు గోడకు మధ్య మలబా నిండిపోయింది. దుమ్ము తగ్గేదాకా ముక్కులు మూసుకుని నిలబడ్డాం.

ఆ దుమ్ములోంచి తిమ్మవ్వ వచ్చింది. మేకుల రోజు నుంచి ఆమె ఇల్లు దాటలేదు. ఇప్పుడు నెత్తిన బిందె ఉంది. గుంతలో నిలిచిన వాన నీళ్లు ముంచుకుని, ఆ వయసులో, మెట్లదారి అంతా మోసుకొచ్చింది. ఏం చేయబోతోందో నాకు ఒక్కసారిగా అర్థమైంది.

“అవ్వా, ఆగు. రోడ్డు మూస్తే నేరమంటరు.”

“నేరం నోటీసుల రాసిండ్రు గద. చేసినంక రాస్తరో, రాసినంక మనం చేస్తమో, ఏదైతేంది? జరుగు.”

జరిగాను. ఆమె బిందె వంచింది. ఒక్క బిందెకు ఏమవుతుంది, దుమ్ము కాస్త నల్లబడింది, అంతే. అమ్మ లేచి బిందె కోసం మెట్లు దిగింది. తర్వాత భాగ్య. తర్వాత అందరూ.

అర్జీ పెట్టాను, తొందరపడవద్దు అని వాళ్లను ఆపింది నేనే. ఆ సంగతి ఎవరూ నాకు గుర్తు చేయలేదు. నేనూ బిందె ఎత్తాను. సాయంత్రం దాకా మోశాం. అడుగుమెట్టు నీళ్లు కాస్త తగ్గాయి కూడా.

మే 30

రోడ్డు ఇప్పుడు గోడ. మేము మెట్లదారిన వెళ్లి వస్తున్నాం. లారీలకు మెట్లు ఎక్కడం రాదు. రెండు రోజులుగా నగరంలో మలబా కూల్చినచోటే పేరుకుంటోందని, ఒక పెద్ద వీధిలో సగం దారి మూసుకుందని స్నేహితురాలు చెప్పింది. అక్కడ కూడా వాన పడుతుంది కదా.

ఈ రోజు విహారి గారు తనంత తానుగా ఫోన్ చేశారు. మొదటిసారి.

“స్వరూప గారూ, ఇది చాలా తీవ్రమైన విషయం.”

“అవును సార్.”

“అది కాదు, మీరు చదువుకున్నవారు. మీవాళ్లకు నచ్చజెప్పాల్సింది మీరే.”

“నచ్చజెప్పాను సార్. మీ మాట నమ్మమని మే అంతా నచ్చజెప్పాను. ఇప్పుడు నా మాట ఎవరూ వినరు. నేనూ వినను.”

“ఇంతకీ ఏం కావాలి మీకు?”

మాటల్లో చెబితే రికార్డు ఉండదు కాబట్టి రాస్తానన్నాను. ఇదిగో రాస్తున్నాను.

మా తూమును అది తొలిచినప్పటి వెడల్పుకు తెరవండి. నోటీసు వెనక్కి తీసుకోండి, అందులో మా మీద రాసిన మాటతో సహా. కాల్చని మలబా ఒక్క తట్ట కూడా మా గుంతకు రాకూడదు. బట్టీ గేటు దగ్గర మా మనుషులు ఇద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్లు బోర్డు చూడరు, బట్టీ మీద చెయ్యి పెట్టి చూస్తారు.

మార్చి నుంచి మా గుంతలో పని చేస్తోందని మీరు రిపోర్టు రాసుకున్న కదిలే బట్టీని ఇప్పుడు నిజంగా పంపండి. అది తూము దాకా రావాలంటే ముందు రోడ్డు మీది గోడను కాల్చి రాల్చుకుంటూ రావాలి. పని చేయని బట్టీకి మా దగ్గరికి రావడం కుదరదు. కాగితం మీది బట్టీకి అసలే కుదరదు. మీరు రోడ్డు తెరుస్తుంటే మేము అడ్డుపడం. తూము తెరవకుండా మలబా లారీ తోలితే మాత్రం గుంతలో నీళ్లకు కొదవ లేదు. మా బిందెలు గట్టివి.

మేము గుంత ఖాళీ చేయం. జూన్ 7న కూడా ఇక్కడే ఉంటాం, అడుగుమెట్టు వాళ్లతో సహా. వాన ఆ రోజే వస్తే ఏమవుతుందో మీకు ముందే తెలుసని ఈ కాగితం సాక్ష్యం చెబుతుంది. ప్రతులు పత్రికలకు, న్యాయస్థానానికి ఈ రోజే పంపాను.

జూన్ 4 సాయంత్రంలోగా, సంతకంతో, తేదీతో, తెలుగులో జవాబు ఇవ్వండి. స్తంభానికి అంటించకండి. మెట్లదారిన దిగి వచ్చి తిమ్మవ్వ చేతికి ఇవ్వండి. చదివి వినిపించడానికి నేనుంటాను.

వల్లెపు స్వరూప
నల్లరాతి గుంత